గ్రేడిల్ 7కి మారగానే కంపైల్ లైన్లన్నీ ఎర్రర్

ప్రశ్న: పాత జావా ప్రాజెక్టు ఒకటి నా నెత్తిన పడింది. గ్రేడిల్ (కోడ్‌ని బిల్డ్ చేసే టూల్) 6.8తో చక్కగా బిల్డ్ అయ్యేది, ఏ గ్రేడిల్ వాడాలో చెప్పే ర్యాపర్‌లో వెర్షన్ 7.0 అని మార్చానో లేదో "కంపైల్ అనే మెథడ్ దొరకలేదు" అంటూ మొదటి డిపెండెన్సీ (ప్రాజెక్టు వాడుకునే లైబ్రరీ) లైన్ దగ్గరే ఆగిపోతోంది. అలాంటి లైన్లు నలభై దాకా ఉన్నాయి, అన్నీ మార్చాల్సిందేనా?

జవాబు: మార్చాల్సిందేనండి, 7.0లో కంపైల్‌ని పూర్తిగా తీసేశారు. దాని బదులు ఇంప్లిమెంటేషన్ అని రాయండి. అది 2017లో 3.4తోనే వచ్చింది, మనమే పట్టించుకోలేదు. టెస్టుల లైబ్రరీలకు వాడే టెస్ట్‌కంపైల్ కూడా పోయింది.

ఇంకొకరు: కళ్లు మూసుకుని ఫైండ్ రీప్లేస్ మాత్రం కొట్టకు బ్రో. కంపైల్‌లో పెట్టిన లైబ్రరీ మన మాడ్యూల్‌ని వాడుకునే పక్క మాడ్యూల్‌కి కూడా కనబడేది, ఇంప్లిమెంటేషన్‌లో పెడితే కంపైల్ టైంలో కనబడదు. నేను అలాగే కొట్టేసి, క్లాసులు ఎందుకు దొరకట్లేదో తెలియక ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నా. పక్కవాళ్లకి కావాల్సినవి ఏపీఐ కింద పెట్టు, దానికి జావా-లైబ్రరీ ప్లగిన్ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్. 6.9కి వెనక్కి వెళ్లి వార్నింగులన్నీ చూపించమంటే లైబ్రరీని పబ్లిష్ చేయడానికి పెట్టిన మావెన్ ప్లగిన్ మీద కూడా అరుస్తోంది!

జవాబు: అదీ 7.0లో లేదు, మావెన్-పబ్లిష్‌కి మారండి.