ఒకే నేల, ఒకే ధర ఉన్నా చెట్ల తోటల పెంపకంలో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: కనిగిరి మెట్ట

కనిగిరి ప్రాంతంలో మా ఉమ్మడి కుటుంబానికి ఎర్రనేల మెట్ట ఉన్నది. అందులో కాగితం మిల్లులు కొనే కర్ర కోసం కొంత జామాయిల్, కొంత సుబాబుల్ వేశాము. కొండవాలున ఎవరూ నాటకుండానే పెరిగిన వేప, చండ్ర, ఉసిరిక చెట్లు ఉన్నాయి. గట్ల వెంట మా తాతగారు నాటించిన ఎర్రచందనం ఇప్పుడిప్పుడే చేవ (మధ్యలోని ఎర్రటి గట్టి కర్ర) పడుతున్నది. చుట్టుపక్కల చూస్తే ఒకరు మూడేళ్లు నిండగానే కర్ర కొట్టించి అమ్ముతున్నారు, గట్టు అవతలివారు అదే రకం కర్రను ఆరేడేళ్లు నిలబెడుతున్నారు, మరొకరు వాలు మీది చెట్లను పెకలించి అక్కడ కూడా జామాయిల్ వేశారు. నేల ఒకటే, వాన ఒకటే, కాటా దగ్గర టన్ను ధర కూడా ఒకటే. అలాంటప్పుడు యజమానుల నిర్ణయాలను నడిపిస్తున్నది ఏమిటి? అన్నదమ్ములం నలుగురం సంక్రాంతికి కూర్చొని మా తోటల సంగతి తేల్చుకోవాలనుకుంటున్నాము కనుక, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా మనవి.

జవాబు: పొదిలి రైతు

అయ్యా, ధర అందరికీ ఒకటే అయినప్పుడు మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు కారణం ధర కాజాలదు. నేను చూసినంతవరకు, డబ్బు అవసరం ఎప్పుడు పడుతుందన్నదే కోత కాలాన్ని నిర్ణయిస్తున్నది. ఆడపిల్ల పెళ్లి కుదిరినా, జూన్‌లో కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చినా, కర్ర లావెక్కిందా లేదా అని ఎవరూ చూడరు. ఆ పైన, కొట్టిన కర్ర పొలంలో పడి ఉన్నకొద్దీ తడి ఆరి తూకం తగ్గిపోతుంది. లారీ ఆలస్యంగా వస్తే ఆ నష్టం రైతుదే. నమ్మకమైన కూలీల ముఠా, సమయానికి వచ్చే లారీ ఉన్న రైతు మంచి ధర కోసం ఆగగలడు, ఆ రెండూ లేనివాడు తోటను నిలువునా గుత్తకు ఇచ్చి చేతులు దులుపుకుంటాడు.

ఊళ్లో ఎవరు ఉంటున్నారన్నది మరొక పెద్ద కారణం. జామాయిల్ కొట్టేటప్పుడు మోడును నేలకు దగ్గరగా, నీరు నిలవకుండా కాస్త వాలుగా, బెరడు చీలకుండా కోయించాలి. ఆ తరువాత ఒక్కో మోడుకు గుంపుగా లేచే పిలకల్లో బలమైన ఒకటి రెండింటిని ఉంచి మిగతావి తీసివేయాలి. యజమాని హైదరాబాదులో ఉంటే ఈ పని చేయించేవారుండరు. అన్ని పిలకలూ పుల్లల్లా పైకి పోయి, రెండో కోతకు కర్ర లావు రాదు. అప్పుడు ఆయన నేల చెడిపోయిందని అంటారు. నేలకేమీ కాలేదు.

జవాబు: ఆత్మకూరు నుంచి

పై మాటలతో ఏకీభవిస్తూనే, చట్టం పాత్రను కూడా చెప్పవలసి ఉన్నది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం పట్టా భూమిలోనైనా చెట్టు నరకడానికి అనుమతి కావాలి; జామాయిల్, సుబాబుల్, సరుగుడు వంటి వాటికి మినహాయింపు ఉన్నది. ఈ తేడా వల్లనే రైతు సులువుగా అమ్ముకోగల చెట్టును నాటుతున్నాడు, వేపనూ చండ్రనూ మొక్కగా ఉండగానే పీకేస్తున్నాడు. చెట్టును కాపాడటానికి పెట్టిన నిబంధన పట్టా భూమిలో స్థానిక జాతులకు ఎదురుతిరిగిందని నా అభిప్రాయం.

ఎర్రచందనం సంగతి మరింత చిక్కుతో కూడుకున్నది. వెలిగొండ, శేషాచలం కొండల చుట్టూ తప్ప సహజంగా మరెక్కడా పెద్దగా పెరగని ఈ చెట్టును 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైట్స్ రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రాలతో మాత్రమే దేశం దాటించగల జాతుల జాబితాలో, చేర్చారు. సాగు భూముల్లో పెంచిన కర్ర ఎగుమతికి 2019లో కేంద్రం దారి తెరిచినప్పటికీ, నరకడానికీ, నిల్వ చేయడానికీ, తరలించడానికీ అటవీ శాఖ అనుమతులు తప్పవు. చేవ బాగా పట్టడానికి పాతిక ముప్పై ఏళ్లు ఆగాలి, ఈలోగా దొంగల భయం ఒకటి. తాత నాటినదాన్ని మనవడు అమ్ముకోవాలంటే, ఆ చెట్లు తమవేనని చూపే కాగితం ముందుగా ఉండాలి.

జవాబు: నెల్లూరు తీరం

మా వైపు ఇసుక నేలల్లో సరుగుడు వేస్తాము. నాలుగైదేళ్లకు కోతకు వస్తుంది. కానీ అక్టోబరు దాటిందంటే తుపాను భయం పట్టుకుంటుంది. ఒకసారి తోట పడిపోయిన రైతు ఆ తరువాత కర్ర సన్నగా ఉన్నా దసరాకు ముందే కొట్టించేస్తున్నాడు.

జవాబు: విదేశాల్లో ఉంటున్న ఉదయగిరి వాసి

అమెరికాలో కుటుంబాల చేతిలో ఉన్న అడవుల గురించి అక్కడి అటవీ శాఖ ఎంతో కాలంగా యజమానులను సర్వే చేస్తున్నది. అడవి ఎందుకు ఉంచుకున్నారని అడిగితే, కలప అమ్మకం కన్నా అందం, వన్యప్రాణులు, పిల్లలకు అప్పగించాలన్న కోరికే ముందుగా చెబుతారు. రాతపూర్వకమైన నిర్వహణ ప్రణాళిక ఉన్నవారు మాత్రం కొద్దిమందే. భూమి ఆదాయం మీదే బతకనవసరం లేనివారి జవాబులవి, మన మెట్టకు అలాగే అన్వయించలేము. అయితే పంపకాలతో అడవి ముక్కలు కావడం మాత్రం అక్కడా సమస్యే, ముక్క చిన్నదైనకొద్దీ దాన్ని పట్టించుకునేవారు తగ్గిపోతారు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. మా ఇద్దరు తమ్ముళ్లు బెంగళూరులో ఉన్నారు, వారికి ఏటా ఆదాయం అక్కరలేదు. మూడోవాడికి అప్పు ఉన్నది. వాలుతో సహా అంతా నాలుగు సమాన భాగాలు చేయాలని వాడి పట్టుదల.

జవాబు: పొదిలి రైతు

వాలును నాలుగు పట్టీలుగా కోస్తే, అప్పున్న తమ్ముడు తన పట్టీని చదును చేయిస్తాడు, వానకు ఆ మట్టి కింది ముగ్గురి పొలాల్లోకి దిగుతుంది. కర్ర తోటలను మాత్రం పంచుకోండి, వాటిలో ముందుగా కోతకు వచ్చే భాగాన్ని ఆయనకే ఇవ్వండి. వాలును ఉమ్మడిగా ఉంచి, నరకాలంటే నలుగురి సంతకాలూ కావాలని కాగితం రాసుకోండి. ఎర్రచందనం చెట్ల చుట్టుకొలతలు, సర్వే నంబర్లతో జాబితా తయారు చేసి, పంపకాల పత్రం రిజిస్టరు కాకముందే అటవీ రేంజి కార్యాలయంలో దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. పేర్లు మారిన తరువాత నాలుగు పాసు పుస్తకాలు పట్టుకొని తిరగడం కన్నా అది తేలిక.