పిల్లల యాప్‌లో దాక్కునే టూల్‌బార్: మళ్లీ తెచ్చుకోలేకపోతున్నారు

పలకాబలపం:
4 నుంచి 7 ఏళ్ల పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుకునే ఆండ్రాయిడ్ యాప్ ఇది. 8 అంగుళాల ట్యాబ్, 1280×800, అడ్డంగా వాడతారు. బలపం, రంగులు, చెరపడం, వెనక్కి అనే నాలుగు బటన్లు కింద ఒక పట్టీలో ఉన్నాయి. అక్షరానికి చోటు చాలక, 3 సెకన్లు ఏదీ ముట్టుకోకపోతే పట్టీ దాక్కునేలా, కింది అంచు నుంచి పైకి లాగితే వచ్చేలా పెట్టాం. లాగబోతే సిస్టమ్ నావిగేషన్ బార్ వస్తోంది, ఒక్కోసారి యాప్ నుంచే బయటికి పోతున్నారు. పట్టీ ఉన్నప్పుడేమో అరచెయ్యి తగిలి రంగు మారిపోతోంది. టైమర్ 10 సెకన్లు చేస్తే సరిపోతుందా?

అంచుబటన్:
సరిపోదండీ, టైమరే తీసెయ్యండి. పిల్ల తర్వాతి గీత ఎటు గీయాలా అని ఆగిన క్షణంలోనే మీ పట్టీ మాయమవుతుంది. తను ఏం చేస్తే పోయిందో తెలియనప్పుడు, ఏం చేస్తే వస్తుందో ఎలా తెలుస్తుంది? దాచడం పిల్ల చేతిలోనే ఉండాలి. ఒక పిడి బటన్ ఎప్పుడూ కనిపించాలి: నొక్కితే పట్టీ పోవాలి, అదే చోట నొక్కితే రావాలి. జీకాంప్రీ అనే పిల్లల చదువు సాఫ్ట్‌వేర్‌లో కింద ఎడమ మూలన ఉన్న బొమ్మ చేసే పని ఇదే.

పిల్లల కంప్యూటర్ల కోసం చేసిన షుగర్ అనే డెస్క్‌టాప్‌లో ఫుల్‌స్క్రీన్‌కు వెళ్తే టూల్‌బార్ పోయి, మౌస్ కదిపినప్పుడు పైన కుడి మూల ఫుల్‌స్క్రీన్ నుంచి బయటపడే బటన్ 2 సెకన్లు కనిపిస్తుంది. మౌస్‌కు అది బాగుంది. వేలితో వాడే ట్యాబ్‌లో మాత్రం ముట్టుకోకుండా కదపడం అనేదే లేదు, కాబట్టి ఆ పద్ధతి ఇక్కడికి తేవద్దు.

పిడి విషయంలో ఎక్కువమంది పట్టించుకోనిది ఒకటుంది. ఈ వయసు పిల్లలు ఒక్కసారి నొక్కి ఊరుకోరు, టకటకా నాలుగుసార్లు నొక్కుతారు. మొదటి నొక్కుకు పట్టీ తెరుచుకుంటే, రెండోది అప్పుడే వేలి కిందికొచ్చిన బటన్ మీద పడుతుంది. అది "అంతా చెరుపు" అయితే దిద్దిందంతా పోతుంది. అందుకే పట్టీ తెరుచుకున్నా ఆ చోట పిడే ఉండాలి. పట్టీ జరగడానికి 200 మిల్లీసెకన్లు ఇచ్చి, మొదటి నొక్కు నుంచి 600 వరకు మిగతా నొక్కులు వదిలెయ్యండి. లేకపోతే తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది.

ఇంకొకటి, పట్టీ వచ్చినప్పుడు పలక (అక్షరం దిద్దే చోటు) కొలత మారకూడదు. అక్షరం జరిగితే సగం గీసిన గీత చుక్కల దారి తప్పుతుంది. పట్టీ వెడల్పు ముందే వదిలేసి అక్షరాన్ని మిగతా చోటులో అమర్చండి. దాచినప్పుడు ఆ ఖాళీ కూడా గీసుకోవడానికి ఇవ్వండి, అక్షరాన్ని మాత్రం కదపొద్దు.

నిలువుపట్టీ:
పట్టీ కింద ఎందుకండీ? తెలుగుకు కావలసింది ఎత్తు. "స్త్రీ" తీసుకోండి: పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, రవత్తు. మీ తెర ఎత్తు సుమారు 10.8 సెంటీమీటర్లే, వెడల్పు 17.2. కింద 2 సెంటీమీటర్ల పట్టీ వేస్తే ఎత్తులో అయిదో వంతు దాదాపు పోయినట్టే. పక్కన వేస్తే అంత నష్టం లేదు. 1.8 సెంటీమీటర్ల బటన్లు నాలుగు, పిడితో అయిదు, మధ్యలో 3 మిల్లీమీటర్ల ఖాళీలు వేసినా 10.2లో సరిపోతాయి. నొక్కే బటన్లకు ఆండ్రాయిడ్ కనీసంగా చెప్పే 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలమానం) అంటే లెక్కకు సుమారు 7.6 మిల్లీమీటర్లే, ఈ వయసుకు అది చిన్నది.

కుడిచేత్తో రాసే పిల్లలకు ఎడమవైపు పెట్టండి, అరచెయ్యి అటు పోదు. ఎడమచేతివాళ్లకు మార్చుకునే వీలు పెద్దల సెట్టింగ్స్‌లో ఉండాలి. దానితోపాటు పలకనూ పట్టీనీ కలిపి ఉంచిన వ్యూగ్రూప్‌లో (తెర భాగాలను పట్టి ఉంచే డబ్బా లాంటిది) మోషన్ ఈవెంట్ స్ప్లిటింగ్, అంటే ఒకేసారి పడిన స్పర్శలను వేర్వేరు భాగాలకు పంచడం, ఆపెయ్యండి. అప్పుడు పలక మీద గీత నడుస్తుండగా పట్టీకి తగిలిన రెండో స్పర్శ బటన్‌ను నొక్కదు. తిరగేస్తే చిక్కే: అరచెయ్యి ముందు పట్టీని తాకితే ఆ తర్వాతి గీత పలకకు చేరదు. పట్టీని రాసే చెయ్యికి ఎదురు వైపు పెట్టమనేది అందుకే.

పలకాబలపం:
ఎడమ అంచున పెడితే, అంచు నుంచి లోపలికి లాగితే వెనక్కి పోయే బ్యాక్ జెశ్చర్ అడ్డురాదా?

నిలువుపట్టీ:
లాగే పని పెడితే వస్తుంది. పిడి నొక్కేదిగానే ఉంచండి. గీతలు అంచుదాకా పోతాయి కాబట్టి ఆండ్రాయిడ్ 10 నుంచి ఉన్న జెశ్చర్ ఎక్స్‌క్లూజన్ (చెప్పిన చోట బ్యాక్ జెశ్చర్ పనిచెయ్యకుండా ఆపేది) వాడొచ్చు, కానీ మామూలుగా ఒక్కో అంచున 200 డీపీ ఎత్తు వరకే సిస్టమ్ ఒప్పుకుంటుంది. మిగతా అంచును అది కాపాడదు. బడిలో ఇచ్చే ట్యాబ్‌లైతే స్క్రీన్ పిన్నింగ్ (ఒకే యాప్‌ను తెర మీద కట్టి ఉంచే సెట్టింగ్) ఆన్ చేసి ఇవ్వమని యాప్ మొదటి పేజీలోనే టీచర్లకు చెప్పండి.