అన్‌సీజన్‌లో హార్స్‌లీ హిల్స్: నెల్లూరు నుంచి రెండు రోజులకు పోయి రావచ్చా?

పెన్నాగట్టు:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. ప్రతి ఎండాకాలం హార్స్‌లీ హిల్స్ పోదామనుకుంటాం, మే నెలలో రూములు దొరకవు, దొరికినా ఆ రేట్లు చూస్తే ఇంట్లోనే ఏసీ వేసుకుని పడుకోవడం మేలనిపిస్తుంది. అందుకని ఈసారి అన్‌సీజన్‌లో పోదామని ఇంట్లో తీర్మానం అయింది. దీపావళి అయిపోయాక ఏదో ఒక శనివారం తెల్లవారుజామున బయల్దేరి, రాత్రికి అక్కడ ఉండి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలని ప్లాన్. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, మా అత్తగారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. సొంత కారు, డ్రైవింగ్ నేనే.

చూడాల్సిన చోట్ల లిస్టు వద్దు, అవి యూట్యూబ్‌లో కావాల్సినన్ని ఉన్నాయి. నాది రొయ్యల మేత షాపు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రాలేదని రైతులు, బాకీ ఎప్పుడు కడతావని కంపెనీ వాళ్లు, పొద్దున లేస్తే ఫోన్లే. ఆ ఫోను పక్కన పడేసి, వేడివేడిగా ఏదో ఒకటి తింటూ చల్లగా కూర్చోవాలి, అంతే.

అడిగేదేమిటంటే, ఆ టైంలో వాతావరణం ఎట్టా ఉంటుంది? జనం రారని హోటళ్లూ అవీ మూసేసి ఉంటారా? ఒక్క రాత్రి కోసం అంత దూరం పోవడం దండగా? మా బావమరిది అయితే తమిళనాడులోని ఏలగిరి కొండకు పొమ్మంటున్నాడు. పోయి వచ్చినోళ్లు చెప్పండి.

గూడూరు నిమ్మతోట:

అన్నా, దీపావళి తర్వాత అంటే మన పక్క తుపాన్ల సీజన్. 2021 నవంబర్ అప్పుడే మర్చిపోయారా? పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, హైవే తెగింది, అటు తిరుపతి వీధుల్లో నడుముల్లోతు నీళ్లు. 2023లో మిచాంగ్ తుపాను వచ్చింది డిసెంబర్ మొదటి వారంలో. మీరు పోయే దారి మొత్తం ఆ వాన పడే చోట్ల మీదుగానే. కొండ మీద వాతావరణం ఎంత బాగున్నా అక్కడి దాకా చేరాలి కదా, చేరినా వెనక్కి రావాలి.

నా మాట వింటే సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి లోపల పోండి. లేదంటే స్కూళ్లు తెరిచాక జూలై, ఆగస్టు. జూలైలో మన ఊళ్లో ఇంకా ఉక్కపోతగానే ఉంటుంది, ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. అక్కడేమో గాలి, సన్న తుంపర, ఎండాకాలం జనం అప్పటికే దిగిపోయి ఉంటారు. అసలు ఆ తేడా కోసమే పోవాలి. మన ఊరు చల్లబడ్డాక చల్లటి కొండకు పోతే ఏం సుఖం?

నవంబరే కుదురుతుందంటే మాత్రం క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగొచ్చే రూమే తీసుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో వింటే ఆ వారం కదలొద్దు.

మదనపల్లె అల్లుడు:

మాది ఒంగోలు, అత్తగారిది మదనపల్లె, కాబట్టి ఈ కొండ మీద నాకు అల్లుడి హక్కులు ఉన్నాయి. ఓపిగ్గా చదవండి.

నెల ఏదన్నది తర్వాత, ముందు మీ శని, ఆదివారాల ప్లానే మార్చాలి. హార్స్‌లీకి బెంగళూరు 150 కిలోమీటర్ల దగ్గరే. శుక్రవారం రాత్రి ఆఫీసు అయిపోగానే అక్కడి పిల్లకాయలు కార్లూ బైకులూ వేసుకుని బయల్దేరతారు. జూలై అయినా నవంబర్ అయినా శనివారం సాయంత్రం పైన పార్కింగు కోసం వెతుక్కోవాలి, పక్క రూములో స్పీకరు పెట్టుకుని పాటలు. వాళ్లంతా ఆదివారం భోజనాలయ్యాక దిగిపోతారు. అప్పుడు మీరు ఎక్కాలి. ఆదివారం మధ్యాహ్నం ఎక్కి మంగళవారం పొద్దున దిగితే మీకు కావాల్సిన ప్రశాంతత దొరుకుతుంది. మామూలు రోజుల్లో రేటు కూడా తగ్గిస్తారు, ఆన్‌లైన్‌లో చూసి ఊరుకోకుండా ఫోన్ చేసి అడగండి. మీ అమ్మాయికి రెండు రోజులు స్కూలు పోతుంది, అది మీ ఇంటి విషయం.

దూరం నెల్లూరు నుంచి 280 పైచిలుకు. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, భాకరాపేట ఘాట్, పీలేరు, వాల్మీకిపురం, మదనపల్లె, అక్కడి నుంచి అంగళ్లు మీదుగా కొండ. టిఫినుకూ టీకీ ఆగుతూ పోతే ఏడు గంటలు అనుకోండి. భాకరాపేట ఘాట్‌లో మాత్రం చీకటి పడ్డాక వద్దు. 2022లో పెళ్లివాళ్ల బస్సు లోయలో పడింది అక్కడే, అదీ రాత్రిపూటే. రాపూరు ఘాట్ ఎక్కి చిట్వేలి, రాజంపేట, రాయచోటి మీదుగా ఇంకో దారి ఉంది, పచ్చగా బాగుంటుంది, కానీ అడవి దారి, ఇంటిల్లిపాదీ కారులో ఉన్నప్పుడు వానల్లో సాహసాలు ఎందుకు.

ఇక పైన ఏముందంటే, పెద్దగా ఏమీ లేదు. టూరిజం వాళ్ల హరిత రిసార్టు, ఫారెస్టు గెస్ట్‌హౌసులు, గవర్నర్ బంగళా, మల్లమ్మ గుడి, కళ్యాణి అని పిలిచే ఓ ముసలి నీలగిరి చెట్టు, గాలిబండలు అనే గాలి జోరుగా కొట్టే బండ, నాలుగు చిన్న కొట్లు. ఇంతే ఊరు. ఏనుగు మల్లమ్మ కొండ అని పాత పేరు. ఏనుగులు సాకిన ఆడపిల్ల కథ చెప్తారు, గుడి ఆమెదే. 1870 ప్రాంతంలో హార్స్‌లీ అని కడప కలెక్టరు ఎండలకు తట్టుకోలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, అప్పటి నుంచి ఆయన పేరు పడిపోయింది. చిత్తూరు జిల్లా 1911 దాకా లేదు కదా, అప్పట్లో మదనపల్లె పక్కంతా కడప కిందే. ఎత్తు 1265 మీటర్లు. కింద మదనపల్లే 700 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి మీకు పీలేరు దాటినప్పటి నుంచే గాలి మారినట్టు తెలుస్తుంది. 1915లో ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం పెట్టింది ఈ గాలిని నమ్ముకునే.

మూసేసి ఉంటారా అన్నారు. రూములు ఉంటాయి. ఆటలూ తాళ్ల మీద వేలాడేవీ జనం లేకపోతే నడపకపోవచ్చు. తిండి దగ్గర జాగ్రత్త, రాత్రి ఎనిమిది దాటాక పోయి ఏముందని అడిగితే ఏమీ ఉండదు. మధ్యాహ్నమే చెప్పి పెట్టండి, ఇంతమందిమి, ఇన్ని చపాతీలు, ఇంత కూర అని. చెప్తే వేడిగా చేసిస్తారు.

తిరుగు ప్రయాణంలో టైం మిగిలితే మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ అమ్మాయికి చూపించండి. 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి రాసింది అక్కడే. రిషివ్యాలీ మాత్రం స్కూలు, ఊరికే గేటు దగ్గరికి పోయి లోపలికి పంపమని అడగొద్దు.

కందుకూరు అక్క:

నిమ్మతోట తమ్ముడు చెప్పినదాంట్లో తుపాను సంగతి నిజమే, కానీ కార్తీకంలో సుఖం లేదంటే ఒప్పుకోను. మేం పోయింది ఆ నెలలోనే. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఉన్న మా కారు కనపడలేదు, అంత మంచు. మన ఊళ్లో ఎంత చల్లబడినా అది చూడగలమా?

తమ్ముడూ, మీ అత్తగారి గురించి చెప్తాను, మగవాళ్లకు ఇవి గుర్తుండవు. రూము బుక్ చేసేటప్పుడు కింది అంతస్తేనా, కారు వాకిలి దాకా వస్తుందా అని గట్టిగా అడుగు. కొండ మీద కట్టినవి కాబట్టి కింది అంతస్తు అన్నా దానికీ మెట్లు దిగాల్సి వస్తుంది కొన్ని చోట్ల. బాత్రూం ఎట్టాంటిదో ఫోటో పంపమను. చలికి మోకాళ్లు ఇంకా పట్టేస్తాయి, వేడినీళ్ల సంచీ, మందులు, మేజోళ్లు, ఇంకో దుప్పటి కారులో పడేసుకో.

గాలిబండల దగ్గర జాగ్రత్త. ఆ బండ నున్నగా వాలుతూ పోతుంది, అంచు ఎక్కడో తెలియదు. వాన పడ్డాక దాని మీద పల్చగా పచ్చటి పాచి పడుతుంది, రబ్బరు చెప్పులకు అస్సలు పట్టు దొరకదు. నేను వెనక గట్టు మీద కూర్చుంటే గాలికి కొంగు నిలవలేదు, మా ఆయన కళ్లద్దాల నిండా తుంపర, తుడుచుకోవడం మళ్లీ పెట్టుకోవడం. అక్కడే గంటసేపు కూర్చున్నాం, ఇంకెక్కడికీ పోలేదు. పెద్దావిడకు మడత కుర్చీ ఒకటి తీసుకుపో, బాగా ఆనందిస్తుంది.

అన్‌సీజన్‌తో వచ్చే తంటా ఇంకోటి ఉంది. మేం దిగిన ప్రైవేటు చోట (పేరెందుకులే) రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, అది వేసే మనిషి కింద ఊళ్లో పెళ్లికి పోయినాడంట. జనం లేరని ఉన్న ఇద్దరిలో ఒకర్ని పంపించేశారు. పొద్దున దాకా గీజరు లేదు, ఫోనులో చార్జింగు లేదు. టార్చిలైటు, ఫ్లాస్కు, పవర్‌బ్యాంకు మర్చిపోవద్దు. నిమ్మకాయ పులిహోర, కారప్పొడి, దోసెలు కట్టుకుపో. కోతులున్నాయి, సంచి చేతిలో పట్టుకుని బయట తిరగొద్దు.

ఒంగోలు బైపాస్:

ఏలగిరి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఎత్తు 1100 మీటర్ల దగ్గర, అంటే హార్స్‌లీ కంటే కాస్త తక్కువ. ఎక్కేదానికి 14 హెయిర్‌పిన్ మలుపులు, వాటికి తమిళ కవుల పేర్లు పెట్టారు. పైన చెరువు, బోటింగు, పల్లెలు, పనసచెట్లు. హార్స్‌లీ కంటే ఊరు పెద్దది, రూములు ఎక్కువ, తిండికి ఇబ్బంది లేదు. కానీ మీకు కారులో ఇంకో యాభై కిలోమీటర్లు ఎక్కువే పడుతుంది, అటు చెన్నై వాళ్లు, ఇటు బెంగళూరు వాళ్లు ఇద్దరూ వస్తారు.

ఏలగిరి లాభం రైలుకే. కేరళ పోయే బండ్లలో కొన్ని తిరుపతి, కాట్పాడి మీదుగా జోలార్‌పేట పోతాయి, అక్కడ దిగితే కొండ దగ్గరే. డ్రైవింగ్ బాధ ఉండదు. అయితే మీరనే నవంబరులో ఆ బండ్ల నిండా అయ్యప్ప స్వాములే, రిజర్వేషన్ మీద ఆశ పెట్టుకోవద్దు. సొంత కారు ఉంది, పెద్దావిడ ఉన్నారు, జనం వద్దు అంటున్నారు కాబట్టి నా ఓటు కూడా హార్స్‌లీకే. మీ బావమరిదికి చెప్పొద్దు.

పెన్నాగట్టు:

అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. కందుకూరు అక్క రాసింది విని మా అత్తగారు మడత కుర్చీ ఇప్పుడే కొనుక్కురమ్మంటున్నారు. నవంబర్ ఎత్తేశాం, సంక్రాంతి వెళ్లాక ఆదివారం, సోమవారం. షాపు మా తమ్ముడు చూసుకుంటాడు, అమ్మాయి సెలవు చీటీ ఇప్పుడే రాసి పెట్టుకుంది. రెండు రాత్రులు కుదరదు, సోమవారం మధ్యాహ్నం దిగాల్సిందే. అల్లుడన్నా, ఆ లెక్కన భాకరాపేట ఘాట్ వెలుతురులో దాటగలమా?

మదనపల్లె అల్లుడు:

దాటొచ్చు. పన్నెండు లోపల కొండ దిగండి, మదనపల్లెలో భోంచేసి రెండింటికల్లా కారు ఎక్కితే నాలుగున్నరలోపు ఘాట్ అయిపోతుంది. కాలేజీ చూడాలంటే భోజనం తొందరగా ముగించాలి, రెండూ నిదానంగా కుదరవు. పెట్రోలు కొండకు పోయేటప్పుడే మదనపల్లెలో నింపుకోండి, చేతిలో కొంచెం డబ్బులు ఉంచుకోండి, పైన సిగ్నల్ సరిగా లేనప్పుడు ఫోన్‌పే తిరుగుతూ ఉంటుంది. టమాటాలు కొనాలనుకుంటే మార్కెట్ యార్డు దాకా పోవద్దు, అక్కడంతా క్రేట్ల లెక్క. అంగళ్లు రోడ్డు పక్కన అమ్మేవాళ్లు ఉంటే అక్కడ అడగండి.