ఆసిఫ్‌నగర్ 2004 ఉప ఎన్నిక ఓట్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

2008 పునర్విభజనలో రద్దయిన హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ సీటు ఫలితాలతో ఒక పట్టిక తయారు చేస్తున్నాను. 2004 దగ్గర ఆగిపోయింది. ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో దానం నాగేందర్ టీడీపీ టికెట్‌పై గెలిచి, రాజీనామా చేసి కాంగ్రెస్‌లో చేరారు. తర్వాతి ఉప ఎన్నికలో మజ్లిస్ అభ్యర్థి మొజం ఖాన్ చేతిలో ఓడారు. అంత ఆసక్తికరమైన పోటీకి అంకెలే దొరకడం లేదు!

ఎన్నికల సంఘం 2004 గణాంక నివేదిక చూశాను, అందులో సాధారణ ఎన్నికల ఫలితాలే ఉన్నాయి. నాకు దొరికిన పాత పేపర్లలో గెలిచినవారి పేరు తప్ప మిగతా అభ్యర్థుల ఓట్లు లేవు. నియోజకవర్గం పేరు మార్చి మార్చి టైప్ చేసి వెతికినా అంతే. బూత్ వారీగా అక్కర్లేదు.

ఆ ఉప ఎన్నికలో అభ్యర్థుల వారీగా పడిన ఓట్ల అధికారిక పట్టిక ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా?