అమెరికాలో విరాళాలకు పరిమితి ఉన్నా ధనబలం ఎలా చెల్లుబాటవుతోంది?

ప్రశ్న:
2023–24 ఎన్నికల కాలంలో ఒక వ్యక్తి ఒక ఫెడరల్ (జాతీయ పదవులకు పోటీచేసే) అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,300 డాలర్లకు మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉండేది. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక), తుది ఎన్నిక కలిపినా 6,600 డాలర్లే. మరి కుబేరుల సొమ్ము కోట్లలో ఎలా ప్రవహిస్తోంది? ఇంకొక సందేహం: కుబేరుడైన మైకేల్ బ్లూమ్‌బర్గ్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం 2020 డెమొక్రాటిక్ ప్రైమరీలలో వంద కోట్ల డాలర్లు గుమ్మరించి, పసిఫిక్ దీవుల్లోని చిన్న ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కదానిలోనే గెలిచారు. డబ్బుకు అంత శక్తే ఉంటే ఆయన ఎందుకు ఓడిపోయినట్టు?

సమాధానం 1:
పరిమితి ఉన్నది అభ్యర్థికి ఇచ్చే విరాళానికే తప్ప, విడిగా పెట్టే ఖర్చుకు కాదు. ఎన్నికల ఖర్చు కూడా భావప్రకటనలో భాగమేనని 1976లో ‘బక్లీ వర్సెస్ వలెయో’ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2010లో ‘సిటిజన్స్ యునైటెడ్’ కేసులో 5–4 మెజారిటీతో ఆ స్వేచ్ఛను కార్పొరేషన్లకు, కార్మిక సంఘాలకు కూడా వర్తింపజేసింది. అదే ఏడాది ఒక అప్పీళ్ల కోర్టు ఇచ్చిన తీర్పుతో, ఎంతైనా వసూలు చేసి విడిగా ప్రచారానికి ఖర్చుపెట్టగల రాజకీయ కమిటీలు, అంటే సూపర్ ప్యాక్‌లు పుట్టుకొచ్చాయి. ఇవి అభ్యర్థితో కూడబలుక్కోకూడదు. అయితే అభ్యర్థి పాత సహాయకులే వాటిని నడపడం అక్కడ వింతేమీ కాదు. నిఘా పెట్టవలసిన ఫెడరల్ ఎన్నికల కమిషన్‌లో ఆరుగురు సభ్యులుంటారు, ఒకే పార్టీవారు ముగ్గురికి మించకూడదు, చర్యకు నాలుగు ఓట్లు కావాలి. 3–3గా చీలితే ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.

సమాధానం 2:
బ్లూమ్‌బర్గ్ గారి ఓటమిని చూసి డబ్బు పనిచేయదనుకుంటే పొరపాటే. ఓటరు మనసు మార్చడం కష్టం, చట్టంలో ఒక పంక్తిని కాపాడుకోవడం అంత కష్టం కాదు. ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ (మదుపుదారుల సొమ్ముతో కంపెనీలను కొని అమ్మే నిధి) నిర్వాహకులకు లాభాల్లో దక్కే వాటాను ‘క్యారీడ్ ఇంటరెస్ట్’ అంటారు. అది వారి శ్రమకు వచ్చిన ప్రతిఫలమే అయినా, మూడేళ్లకు మించి ఉంచిన పెట్టుబడులపై వచ్చినదైతే దీర్ఘకాలిక మూలధన లాభంగా లెక్కించి గరిష్ఠంగా 20 శాతం ఆదాయపు పన్ను వేస్తారు. జీతంపై గరిష్ఠ రేటు 37 శాతం. 2022లో ఆ మూడేళ్ల గడువును అయిదేళ్లకు పెంచాలని డెమొక్రాట్లు తమ బిల్లులో రాశారు. అప్పట్లో ఎగువసభ సెనేట్ సరిగ్గా 50–50గా చీలి ఉన్నందున ఒక్క డెమొక్రాట్ కాదన్నా బిల్లు పోయేది. అప్పటి డెమొక్రాట్ సెనేటర్ కిర్‌స్టెన్ సినెమా అభ్యంతరంతో ఆ నిబంధనను తీసేశారు. ఆమె ఉద్దేశం ఏమిటన్నది నా వాదన కాదు. ఒక్క ఓటు దగ్గర ఆగిపోయే వ్యవస్థలో లాబీయిస్టులు ఎవరి తలుపు తట్టాలో ముందే తెలుసుకుని ఉంటారన్నదే నా వాదన.

సమాధానం 3:
పై మిత్రునితో చాలావరకు ఏకీభవిస్తాను. కాకపోతే నెపమంతా డబ్బు మీదకే నెట్టలేం. 2020 జనగణన ప్రకారం దాదాపు 5.8 లక్షల మంది ఉన్న వయోమింగ్‌కూ, 3.95 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ సెనేటర్లు ఇద్దరేసి. ఇది సూపర్ ప్యాక్‌లు చేసిన ఏర్పాటు కాదు, రాజ్యాంగంలోనే ఉంది. దానికి తోడు (పైన చెప్పిన బిల్లు వంటి బడ్జెట్ బిల్లులు తప్ప) చాలా బిల్లులపై చర్చ ముగించాలంటే వందలో 60 ఓట్లు కావాలి. ఎన్నికల ఖర్చుపై పరిమితి విధించే అధికారాన్ని చట్టసభలకు తిరిగి ఇవ్వాలన్న రాజ్యాంగ సవరణ 2014 సెప్టెంబరులో సెనేట్‌కు వచ్చినప్పుడు, చర్చ ముగించడానికి 54 మంది అనుకూలంగా, 42 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. అరవై రాలేదు కనుక, సవరణపై అసలు ఓటింగే జరగలేదు.