సమస్యాపూరణం: “చార్జి లేదు గాని చార్జి హెచ్చె”

నిర్వాహకుడు, విజయనగరం:
ఇచ్చిన పాదంతో ముగిసేలా పద్యం అల్లడమే సమస్యాపూరణం. ఈ వారం పైనిచ్చిన సమస్య ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగవ పాదం. బస్సు కిరాయి, ఫోనులో నిండే విద్యుత్తు, కోర్టులో మోపే నేరం, ఉద్యోగి స్వీకరించే బాధ్యత, ఇన్నింటినీ మనం చార్జి అనే ఒక్క ఇంగ్లీషు మాటతోనే చెప్పుకుంటున్నాము. బండి అనే అర్థం గల లాటిను ‘కార్రుస్’ నుంచి, బండికి బరువెత్తడమనే అర్థంతో, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరిన మాట ఇది. కారు, కార్గో కూడా ఆ వంశానివే. సమస్యలో కనిపించే విరోధం అర్థభేదం వల్ల గాని కాలభేదం వల్ల గాని పద్యంలోనే తీరాలి. కింద వివరణ రాస్తే తప్ప తెలియని పూరణను అంగీకరించలేము.

బొబ్బిలి సభ్యుడు:
ఫోను తీసి చూడ బొబ్బిలి బస్సులోఁ
దెర వెలుంగదాయె, దిటవు చెదరె;
పాత ధరకుఁ గాదు పది హెచ్చనిరి వారు,
చార్జి లేదు గాని చార్జి హెచ్చె.

నిర్వాహకుడు:
రెండర్థాలూ స్పష్టంగా ఉన్నాయి, నడక హాయిగా ఉంది. అయితే మూడవ పాదంలోనే ‘హెచ్చు’ వచ్చేయడంతో సమస్యలోని క్రియకు బలం తగ్గింది. ‘పాత ధరకుఁ గాదు పదియెక్కువనె నౌర’ అంటే పునరుక్తి పోతుంది, యతి (పాదం మొదటి అక్షరానికీ పాదం మధ్యలో నియమిత స్థానంలోని అక్షరానికీ ఉండవలసిన మైత్రి) నిలుస్తుంది.

పార్వతీపురం సభ్యురాలు (భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని):
గాజుకడ్డిఁ బట్టి గట్టిగాఁ బట్టుతో
రుద్ది చూపెఁ బాప రూఢిగాను;
కాగితంపు ముక్క కదలి యంటుకొనెను,
చార్జి లేదు గాని చార్జి హెచ్చె.

నిర్వాహకుడు:
అమ్మా, ఊహ చాలా కొత్తది. పట్టుతో రుద్దినప్పుడు గాజు నుంచి ఎలక్ట్రాన్లు పట్టుకు పోయి గాజుకు ధనావేశం (పాజిటివ్ చార్జి) మిగలడం, తేలికైన కాగితాన్ని అది ఆకర్షించడం శాస్త్రసమ్మతమే. కాని చార్జి ఎప్పుడు లేదో పద్యం చెప్పలేదు. పైగా రుద్దక ముందు కూడా గాజులో ధన, రుణ చార్జులు రెండూ సమానంగా ఉంటాయి. లేనిది నికర చార్జి మాత్రమే. అందుచేత మూడవ పాదాన్ని ‘ముక్క యంటుకొనియె, మున్నందు నికరంపు’ అని మార్చి చూడండి. మన పాఠ్యపుస్తకాలలోని ‘ఆవేశం’ కూడా విద్యుత్తుకూ మనసులోని ఉద్రేకానికీ చెల్లుతుంది గనుక, దాని మీద వేరే సమస్య ఇవ్వాలనిపిస్తోంది.

రాజాం సభ్యుడు లాఠీచార్జి మీద రాసిన పద్యంలో రెండవ పాదం ‘మూడు లాంతర్ల కడ జనము చేరె’ అని ఉంది (మూడు లాంతర్లు మా విజయనగరంలోని కూడలి). ‘ర్ల’ అనే సంయుక్తాక్షరం వల్ల దాని ముందున్న తకారం గురువై (రెండు మాత్రల అక్షరమై), అక్కడ ఉండవలసిన సూర్యగణం (మూడు మాత్రల అక్షరాల గుంపు) చెడింది. ‘మూడు లాంతరులకు ముందు జనము’ అంటే సరిపోతుంది. లాఠీచార్జి జరుగుతుంది గాని హెచ్చదు కదా, ఆ అన్వయం కూడా చూసుకోవాలి.

శ్రీకాకుళం సభ్యుడు:
ఉత్తరువులు వచ్చె నుద్యోగి బదిలీకి,
పదవి యప్పగింత వాయిదాయె;
నేరమొకటి మోపి నివ్వెఱపఱచిరి,
చార్జి లేదు గాని చార్జి హెచ్చె.

నిర్వాహకుడు:
ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. ఆఫీసులో ‘చార్జి తీసుకున్నారు’ అన్నప్పటి బాధ్యతను, చార్జిషీటులోని అభియోగాన్ని ఒకే మనిషి మీద పెట్టి, ఒకటి అందకపోగా మరొకటి మీదపడిన దురవస్థను మూడు పాదాలలో నిర్మించారు. ఇంగ్లీషులో అభియోగమైతే చార్జి అనే క్రియ పక్కన ‘విత్’, ధర అడగడమైతే ‘ఫర్’, మీదికి దూకడమైతే ‘ఎట్’ చేరి అర్థాన్ని తేలుస్తాయి. తెలుగులో ఆ పని తీసుకొను, మోపు, హెచ్చు వంటి క్రియలు చేస్తాయి. వీరి పద్యంలో ‘అప్పగింత’, ‘మోపి’ అనే మాటలు అందుకే అంత చక్కగా అమరాయి.

శ్రీకాకుళం సభ్యుడు:
ధన్యవాదాలండీ. ‘పదవి’, ‘వాయిదా’ల మధ్య ప-వ యతి చెల్లుతుందా అని సందేహించాను.

నిర్వాహకుడు:
చెల్లుతుంది. ప, ఫ, బ, భ, వలకు పరస్పరం మైత్రి ఉంది. అకారానికి ఆకారం ఎలాగూ సరిపోతుంది.