సూది గుచ్చుకుంటే తప్పు నర్సుదేనా?

హనుమకొండలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. మొన్న నైట్ డ్యూటీలో వాడిన సూది వేలికి గుచ్చుకుంది. సూదులు వేసే తెల్ల డబ్బా నిండి వారమైనా ఎవరూ మార్చలేదు. వెంటనే సబ్బుతో కడుక్కుని, తెల్లారగానే ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లి, హెచ్ఐవీ సోకకుండా వేసుకునే పీఈపీ మాత్రలు మొదలుపెట్టాను. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి కదా. ఒకటే కడుపులో తిప్పుడు, అది వేరే సంగతి.

మేనేజ్‌మెంట్ మాత్రం 'నీ అజాగ్రత్తే' అంటూ రిజిస్టర్‌లో రాయడం లేదు. పైగా పేషెంట్‌కి చెప్పకుండా ఆయన రక్తం టెస్ట్ చేయిద్దామన్నారు. సమ్మతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయడం 2017 నాటి హెచ్ఐవీ చట్టానికి విరుద్ధమని నేనే వద్దన్నాను. నా హెపటైటిస్ బీ టీకా మూడో డోసు ఇంకా మిగిలే ఉంది, అదో టెన్షన్.

ఇలా జరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫిర్యాదు డీఎంహెచ్ఓకి (జిల్లా వైద్యారోగ్య అధికారికి) ఇవ్వాలా, లేబర్ ఆఫీసుకా? ఉద్యోగం పోకుండా ఎలా రాయాలి?